అలాస్కా ఓడ ఎక్కాలా, వద్దా?



బీదరు, భాల్కి, హుమ్నాబాదు, ఔరాదు తాలూకాల్లోనూ, సరిహద్దుకు అటుపక్క జహీరాబాదు, నారాయణఖేడ్ వైపూ ఉన్న తెలుగు ఇళ్ళలో ఈమధ్య తరచూ వినిపిస్తున్న ఒక సంగతి గురించి ఈ పూట మాట్లాడతాను. కొడుకో కూతురో ఇక్కడే ఇంజనీరింగు చదివి, హైదరాబాదులో కొన్నాళ్ళు ఉద్యోగం చేసి, అమెరికా పడమటి తీరాన సియాటిల్‌లో స్థిరపడ్డారు. అమ్మానాన్నలకు వీసా వచ్చింది. ఎండాకాలం నాలుగు నెలలు అక్కడ ఉండడానికి విమానం టికెట్లు కూడా కొన్నారు. ఒక ఆదివారం ఫోనులో, "నాయినా, జూన్‌ల అందరం కలిసి అలాస్కా క్రూజ్ పోదాం. వారం రోజులు ఓడల ఉంటం, మంచుకొండలు చూస్తం" అంటారు. ఇటునుంచి వెళ్ళే జవాబు చాలా ఇళ్ళలో ఒక్కటే. "మాకెందుకు బిడ్డా అంత ఖర్చు, మీరు పోయిరాండ్రి." పిల్లలు ఇంకోసారి బతిమాలితే, "సరే, మీ ఇష్టం."

ఆ రెండు జవాబుల్లోనూ ప్రయాణం చేయవలసిన మనిషి లేడు. మొదటిది ఖర్చు గురించిన మాట, రెండోది పిల్లల గురించిన మాట. తనకు ఆ మంచు చూడాలని ఉందా, చలికి ఓర్చుకోగలనా, వారం రోజులు నీళ్ళ మీద ఉండగలనా, ఈ ప్రశ్నలు ఆ పెద్దాయన తనను తాను వేసుకోలేదు. తీరా ఓడెక్కాక ఆయన గదిలో టీవీ ముందు కూర్చుంటారు, ఆవిడ అన్నం కోసం వెతుక్కుంటుంది, మంచుకొండ వచ్చినప్పుడు కొడుకు పిలిస్తే పైకి వచ్చి ఫోటో దిగి చలికి వణుకుతూ కిందికి పోతారు. ఇలా వెళ్ళొచ్చినవాళ్ళను చూశాను. ఇంకోవైపు, వెళ్ళకుండా ఇంట్లో ఉండిపోయి, తర్వాత మనవళ్ళు తెచ్చిన వీడియోలు చూసి, పోయి ఉంటే బాగుండేదని లోలోపల అనుకున్నవాళ్ళనూ చూశాను. ఈ నిర్ణయం పెద్దవాళ్ళే తీసుకోవాలన్నది నేను చెప్పదలచుకున్న మాట. అందుకు అక్కడ ఏముందో, ఏం అడ్డుపడుతుందో ముందుగా తెలియాలి.

ముందు చలి సంగతి చూద్దాం. అలాస్కా అనగానే మనవాళ్ళకు ఉత్తర ధ్రువం కళ్ళముందుకొస్తుంది. ఈ ఓడలు తిరిగేది అలాస్కా ఆగ్నేయ తీరంలో, అదీ ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకానే. ఆ రాష్ట్ర రాజధాని జూనోలో జూలై పగటివేళ 17, 18 డిగ్రీలుంటుంది, రాత్రి పది పదకొండుకు దిగుతుంది. బీదరు కోట గోడ మీద జనవరి తెల్లవారుజామున నిలబడ్డవాడికి అది కొత్త చలి కాదు. అక్కడ ఇబ్బంది పెట్టేది వాన. దారిలో కెచికన్ అనే ఊరు తగులుతుంది, ఏడాదికి 150 అంగుళాల వాన పడే చోటు. మనకు ముప్పై అయిదు అంగుళాలు పడితే మంచి ఏడు అంటాం. మంచు దగ్గరికి పోయినప్పుడు గాలి కూడా కోస్తుంది. నూలు బట్టలు తడిస్తే అక్కడ ఆరవు. లోపల ఒంటికి పట్టే థర్మల్, దాని మీద ఉన్ని స్వెటర్, దాని మీద నీళ్ళు లోపలికి రాని కోటు, ఇలా పొరలు పొరలుగా వేసుకోవాలి. చీర కట్టుకునే ఆవిడ చీర మానక్కర్లేదు, లోపల ఉన్ని ప్యాంటు, కాలికి బూట్లు ఉంటే చాలు. చెప్పులు మాత్రం గదిలోనే ఉంచాలి. నన్నడిగితే మే చివర, జూన్ మొదట్లో వెళ్ళమంటాను. ఆ తీరంలో మిగతా నెలలకంటే మే పొడిగా ఉంటుంది, సెప్టెంబరుకు వానలు బలుస్తాయి. జూన్‌లో జూనోలో రాత్రి పదింటికి గానీ పొద్దు గూకదు. ఆకాశంలో రంగుల వెలుగులు చూడాలని మనసులో పెట్టుకున్నవాళ్ళకు మాత్రం ఆ నెల పనికిరాదు, అంత వెలుతురులో అవి కనపడవు.

ఇక మంచు సంగతి. దీని గురించి కాస్త ఎక్కువసేపు చెప్పాలి, ఎందుకంటే ప్రయాణమంతా మంచు చూసే ఆ ఒక్క రోజు కోసమే.

గ్లేసియర్ బే అనే జాతీయ పార్కు ఉంది. ఓడ అక్కడ ఏ రేవులోనూ ఆగదు, ఎవరూ కింద కాలు పెట్టరు. పొద్దున్నే పార్కు రేంజర్లు చిన్న పడవలో వచ్చి ఓడెక్కుతారు, పగలంతా మైకులో ఆ చోటు గురించి చెబుతూ ఉంటారు. రోజుకు రెండు పెద్ద ఓడలకు మించి లోపలికి రానివ్వరు. ఓడ మెల్లగా లోతుకు పోయి మార్జరీ అనే హిమానీనదం ఎదుట ఆగుతుంది. నీటి మీద దాని ఎత్తు సుమారు 250 అడుగులు, నీటి కింద ఇంకో వంద. మన మహమూద్ గవాన్ మదరసాలో నిలిచి ఉన్న మినారు 131 అడుగులు. ఆ మినారు మీద ఇంకో మినారు పెట్టి, అలాంటి జోడీలను ఒకదాని పక్కన ఒకటిగా ఒక మైలు పొడవునా నిలబెడితే వచ్చే గోడ ఎంతో, ఆ మంచు ముఖం దాదాపు అంత. తెల్లగా ఉంటుందనుకుంటాం గానీ నీలంగా ఉంటుంది. వందల ఏళ్ళ హిమపాతం ఒకదాని మీద ఒకటి పడి, బరువుకు లోపలి గాలంతా బయటికి పోయి మంచు గట్టిపడుతుంది. అలా గట్టిపడ్డ మంచు వెలుతురులోని ఎర్రటి భాగాన్ని మింగేసి నీలాన్ని మన కంటికి వదిలేస్తుంది. కాసేపటికి ఎక్కడో పగిలిన చప్పుడు వినిపిస్తుంది, చూసేసరికి ముక్క కిందికి జారి నీళ్ళలో పడుతూ ఉంటుంది. చప్పుడు వినగానే తిరిగితే ఆలస్యమే. కళ్ళు అక్కడే పెట్టుకుని గంటలకొద్దీ నిలబడినవాడికే ఆ దృశ్యం దక్కుతుంది. గంటసేపు ఏమీ జరగకపోవచ్చు కూడా.

అందుకని ఈ ప్రయాణానికి సరిపోతారా లేదా అన్నది తేల్చుకోవడానికి నాకు తోచిన కొలత ఇదొక్కటే. మన ఊళ్ళో పొలం గట్టు మీదో, కారంజా డ్యాము దగ్గరో, మాట్లాడేవాళ్ళు లేకుండా గంటసేపు ఊరికే చూస్తూ కూర్చోగలరా? కూర్చోగలిగినవాళ్ళు తప్పక వెళ్ళాలి. ఓడలో ఆటపాటలు, ఈతకొలనులు, అర్ధరాత్రి భోజనాలు ఎన్ని ఉన్నా అవన్నీ సింగపూరు దగ్గర ఓడలోనూ దొరుకుతాయి.

ఆ మంచు కథ ఇంకొంచెం ఉంది. 1794లో జార్జి వాంకూవర్ అనే ఆంగ్ల నావికుడి ఓడలు ఆ తీరానికి వచ్చినప్పుడు అక్కడ అఖాతమే లేదు, అయిదు మైళ్ళ నొక్కు తప్ప మిగతాదంతా మంచు. 1879లో జాన్ మ్యూర్ అనే ప్రకృతి పరిశీలకుడు వచ్చేసరికి మంచు ముప్పై మైళ్ళకు పైగా వెనక్కి పోయింది. 1916 నాటికి అరవై మైళ్ళు. ఆ తొలి కరుగుదల మన పొగ వల్ల వచ్చింది కాదు, కొన్ని శతాబ్దాల చలియుగం ముగియడం వల్ల వచ్చింది. అంతకుముందు, మంచు ముందుకు పొంగిన రోజుల్లో, అక్కడ ఊళ్ళు కట్టుకుని బతికిన హూనా త్లింగిత్ జనం 18వ శతాబ్దంలో దానికి ఇళ్ళు వదిలి పారిపోయారు. నీటికి అవతల హూనా అనే ఊరు కట్టుకున్నారు. మంచు తగ్గాక మళ్ళీ వెనక్కి రాబోతే, 1925లో అమెరికా ప్రభుత్వం ఆ చోటును రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. తాతల నాటి వేట, చేపలు, పక్షిగుడ్ల సేకరణ అన్నింటికీ ఆంక్షలు వచ్చాయి. చివరికి 2016 ఆగస్టులో ఆ పార్కు గట్టు మీద వాళ్ళ వంశాల పేర ఒక పెద్ద చెక్క ఇల్లు లేచింది. ఆ వేడుకకు వాళ్ళు తమ పడవలు తామే తెడ్లేసుకుంటూ వచ్చారు. రేంజరు మైకులో ఈ కథ చెప్పేటప్పుడు భాష అర్థం కాకపోతే పక్కనున్న మనవడిని చెప్పమనండి. కారంజా నీటి కింద పొలాలు పోయిన కుటుంబాలు మన జిల్లాలో ఉన్నాయి, ఆ కథ మనవాళ్ళకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

హూనా ఊరి పక్కనే ఐసీ స్ట్రెయిట్ పాయింట్ అనే రేవును ఆ జనం సొంత సంస్థే 2004 నుంచి నడుపుతోంది. ఓడ దారిలో ఆ రేవు ఉందంటే నేను దానికే ఓటేస్తాను. టికెట్టు డబ్బులో కొంతైనా ఆ నేల మనుషులకు చేరుతుంది.

ఇప్పుడు మీరు పిల్లలను అడగవలసిన మొదటి ప్రశ్న తేలింది. ఎంత ఖర్చు అని కాదు, ఓడ ఏయే చోట్లకు పోతుంది అని. అన్ని అలాస్కా ఓడలూ గ్లేసియర్ బేకు పోవు. కొన్ని హబ్బర్డ్ హిమానీనదానికి పోతాయి, అదీ గొప్పదే, 122 కిలోమీటర్ల పొడవు, చుట్టుపక్కలవి తరిగిపోతుంటే అది మాత్రం ముందుకు జరుగుతూ వచ్చింది. కొన్ని ఓడలు చిన్న చిన్న కయ్యల్లోకి పోయి, తేలే మంచు ముక్కలు అడ్డం వస్తే మధ్యలోనే వెనక్కి తిరుగుతాయి. మంచు చూపించే రోజు పూర్తిగా ఒకటి లేని ఓడ ఎంత చవకైనా వద్దనండి.

రెండో ప్రశ్న, ఎక్కడ ఎక్కుతాం? సియాటిల్‌లో ఎక్కితే ఇంటి దగ్గరే, సూట్‌కేసు కారులో వేసుకుని పోవచ్చు. కానీ ఆ ఓడలు ఎక్కువగా వాంకూవర్ దీవికి పడమటగా విప్పారిన సముద్రం మీద పోతాయి, ఒకటి రెండు రోజులు ఊగుతుంది. కెనడాలోని వాంకూవర్‌లో ఎక్కితే ద్వీపాల చాటున, నదిలాంటి దారిలో పోతుంది, ఊపు తక్కువ. కడుపులో తిప్పే స్వభావం ఉన్నవాళ్ళకు నేను రెండోదే చెబుతాను. ఏ ఓడైనా కింది అంతస్తుల్లో, నడిమధ్య ఉన్న గదికి ఊపు తక్కువ తెలుస్తుంది.

ఇక కాగితాలు. ఎన్నో కుటుంబాల్లో గొడవ వచ్చేది ఇక్కడే. సియాటిల్ నుంచి అలాస్కాకు పోవడం అంటే అమెరికా నుంచి అమెరికాకే కదా, ఇంకో వీసా ఎందుకు అనుకుంటారు. 1886 నాటి ఒక అమెరికన్ చట్టం ఉంది. వేరే దేశపు జెండాతో తిరిగే ఓడ అమెరికా రేవుల మధ్య ప్రయాణికులను చేరవేయకూడదు, మధ్యలో పరాయి దేశపు రేవును తాకాలి. ఈ పెద్ద ఓడలన్నీ దాదాపు బహమాస్, పనామా, బెర్ముడా లాంటి దేశాల్లో నమోదైనవి. అందుకే సియాటిల్ ఓడలు చివరిరోజు సాయంత్రం కెనడాలోని విక్టోరియాలో కొన్ని గంటలు ఆగుతాయి. ఆ కొన్ని గంటల కోసం భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకు కెనడా వీసా కావాలి. దిగకుండా గదిలోనే కూర్చుంటామన్నా ఓడ కంపెనీ ఒప్పుకోదు, మొదటిరోజే రేవులో ఆపేస్తారు. గ్రీన్‌కార్డు ఉన్న కొడుక్కి ఆ వీసా అక్కర్లేదు, మనవడు అమెరికా పౌరుడు, వాడికీ అక్కర్లేదు. అందుకే తల్లిదండ్రులకు కావాలన్న సంగతి వాళ్ళకు తట్టదు. కోవిడ్ కాలంలో, 2021లో, కెనడా రేవులు మూసేస్తే అమెరికా ఆ నియమాన్ని తాత్కాలికంగా పక్కనబెట్టింది, ఆ ఏడు వెళ్ళినవాళ్ళ మాట విని మోసపోవద్దు. కెనడా వీసాకు వేలిముద్రలివ్వాలి, రోజులు పడతాయి. ఇక్కడ ఉండగానే, విమానం ఎక్కకముందే ఆ పని చేసుకోండి. అమెరికా వీసా ఒక్కసారి ప్రవేశానికా, ఎన్నిసార్లయినా రావచ్చా అన్నది కూడా చూసుకోండి, కెనడాను తాకి తిరిగి రావడమంటే మళ్ళీ ప్రవేశించడమే.

అలాస్కా కాకుండా నార్వే కయ్యల మాట ఎత్తే పిల్లలూ ఉన్నారు, జర్మనీలోనో నెదర్లాండ్స్‌లోనో ఉన్నవాళ్ళు. దానికి షెంగెన్ వీసా, 30,000 యూరోలకు తగ్గని వైద్య బీమా కావాలి. గైరాంగర్ లాంటి ప్రపంచ వారసత్వ కయ్యల్లోకి పొగలేని ఓడలనే రానివ్వాలని నార్వే నియమం పెట్టింది, చిన్న ఓడలకు 2026 నుంచి, పెద్దవాటికి 2032 నుంచి. అంటార్కిటికా గురించి మన వయసువాళ్ళకు నేను సలహా ఇవ్వను. డ్రేక్ జలసంధిలో రెండు రోజుల ఊగులాట తట్టుకోవాలి, దగ్గరలో ఆసుపత్రి ఉండదు.

బీదరు మనిషికి సముద్రమంటే భయం ఉండడం సహజం. మనకు మాంజరా నది, పాపనాశం చెరువు, ఝర్ణీ నరసింహస్వామి గుహలో నడుములోతు నీళ్ళు తెలుసు, అంతే. ఇక పడవ అనగానే గోదావరి గుర్తుకొస్తుంది. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకు పోతూ కచ్చులూరు దగ్గర మునిగిన పడవలో వరంగల్ దగ్గరి కడిపికొండ నుంచి ఒక్కటిగా బయలుదేరిన బంధువులున్నారు. బతికి బయటపడ్డవాళ్ళు 26 మంది, పోయినవాళ్ళు వాళ్ళకు దాదాపు రెట్టింపు. ఆ ఏడు వరదలో నది పొంగి ఉంది, అయినా పడవ కదిలింది. ఆ వార్త విన్న తల్లి కొడుకుతో "ఓడ వద్దు బిడ్డా" అంటే ఆ మాటను తీసిపారేయకూడదు.

ఆమెకు చెప్పవలసింది ఇది. టైటానిక్ 1912లో మునిగాక, 1914లో కొన్ని దేశాలు కూర్చుని సముద్ర ప్రయాణ భద్రతకు ఒక ఒడంబడిక రాసుకున్నాయి. అందరికీ సరిపడా రక్షణ పడవలు, రేడియో మీద ఇరవైనాలుగు గంటల కాపలా దానిలోంచి వచ్చినవే. ఇప్పుడు ఓడ కదలకముందే ప్రతి ప్రయాణికుడూ తనకు కేటాయించిన చోటికి పోయి, లైఫ్ జాకెట్ వేసుకునే పద్ధతి నేర్చుకోవాలి. ఆ పిలుపు వచ్చినప్పుడు టీ తాగుతూ కూర్చోవద్దు. అయినా ప్రమాదం రాదని నేను మాటివ్వలేను. 2019 మార్చి 23న నార్వే తీరాన తుఫానులో 'వైకింగ్ స్కై' అనే ఓడ ఇంజన్లు ఆగిపోయాయి, ఇంజనాయిలు మట్టం తగ్గి ఉన్న ట్యాంకులు ఆ అలల కుదుపులో ఖాళీగా ఉన్నాయని యంత్రం అనుకుని ఆపేసింది. 1,373 మందిలో నాలుగువందల డెబ్భైకి పైగా మనుషులను హెలికాప్టర్లు ఒక్కొక్కరిగా పైకి లాగాయి. ఒక్కరూ చనిపోలేదు. అది మార్చి నెల, తుఫాను హెచ్చరిక ఉన్న విప్పారిన సముద్రం. జూన్‌లో అలాస్కా దీవుల చాటు అలాంటిది కాదు.

ఓడలో నిజంగా ఎదురయ్యేది కడుపు జబ్బు. నోరోవైరస్ అనేది వేలమంది ఒకే చోట తినే ఓడల్లో పాకుతుంది. చేతికి పూసుకునే శానిటైజరు దాన్ని సరిగా చంపదు, సబ్బుతో నీళ్ళతో కడుక్కోవాలి. రక్తపోటు, చక్కెర మందులు పెద్ద పెట్టెలో వేయవద్దు, ఆ పెట్టె గదికి చేరేసరికి సాయంత్రమవుతుంది. చేతిసంచిలో ఉంచుకోండి. ఓడలో డాక్టరు ఉంటారు, ఫీజు డాలర్లలో గట్టిగా ఉంటుంది. పిల్లలు మీకు కొనే బీమా పాత జబ్బులకు వర్తిస్తుందా, ఓడ నుంచి ఆసుపత్రికి తరలించే ఖర్చు వస్తుందా అని చూడమనండి. జూనోకు రోడ్డు లేదు. రాష్ట్ర రాజధానే అయినా విమానంలోనో ఓడలోనో రావాలి, బయటికి తరలించాలన్నా అంతే.

తిండి గురించి భయపడేవాళ్ళు ఎక్కువ, నిజానికి ఇది తేలికైన సంగతి. బుక్ చేసేటప్పుడే భారతీయ శాకాహారం కావాలని రాయించాలి, ఎక్కాక మొదటి రాత్రి వడ్డించే పెద్దను కలిసి చెప్పుకోవాలి. పప్పు, అన్నం, కూర చాలా ఓడల్లో దొరుకుతాయి, వంటవాళ్ళలో మనదేశం వాళ్ళు ఎంతోమంది. ఇంట్లో వండినవి ఓడెక్కనివ్వరు. అంగట్లో సీలు వేసి అమ్మే కడక్ జొన్నరొట్టె, చట్నీపొడి అయితే పెట్టెలో వేసుకోవచ్చు.

ఖర్చు విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. చూపించే ధర మొత్తం ధర కాదు. రేవు పన్నులు ఒక్కోసారి వేరే, సిబ్బందికి తలకు రోజుకు పదిహేను నుంచి ఇరవై డాలర్ల దాకా టిప్పు వేరే, ఇంటర్నెట్ వేరే, ప్రతి ఊళ్ళో తిప్పి చూపించేదానికి వేరే. మనం ఆదా చేయవలసింది ఆ ఊళ్ళ తిరుగుళ్ళలో. హెలికాప్టరులో మంచు మీద దిగడం వద్దు. దారిలో తగిలే స్కాగ్వే అనే ఊళ్ళో మాత్రం రైలు ఎక్కండి. 1897, 98 నాటి బంగారం పిచ్చిలో వేలమంది మూటలు మోసుకుని ఎక్కిన కొండదారి పక్కనే 1898లో మొదలుపెట్టి 1900కల్లా వేసిన సన్నపట్టాల రైలది, మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళు కిటికీ పక్కన కూర్చుని అంతా చూడవచ్చు. జూనోలో చిన్న పడవ మీద తిమింగిలాలను చూడడానికీ డబ్బు పెట్టవచ్చు. చలికాలం హవాయిలో పిల్లలను కని, ఎండాకాలం తిండికోసం వేల కిలోమీటర్లు ఈదుకుంటూ అక్కడికి చేరే జీవులవి. గది విషయం వయసును బట్టి. డెబ్భై దాటినవాళ్ళకు బాల్కనీ ఉన్న గది తీసుకోండి, మంచు రోజున దుప్పటి కప్పుకుని కూర్చుని చూస్తారు, ఓడ అక్కడ మెల్లగా చుట్టూ తిరుగుతుంది కాబట్టి రెండువైపులవాళ్ళకూ కనపడుతుంది. ఓపిక ఉన్నవాళ్ళకు కిటికీలేని లోపలి గది చాలు, పై డెక్కు అందరిదీ.

ఇవన్నీ ఎవరిని అడిగి తెలుసుకోవాలి అన్నదానికి మన ఊరి చరిత్రలోనే ఒక ఉదాహరణ ఉంది. 1469 ప్రాంతంలో రష్యాలోని త్వేర్ నుంచి అఫనాసి నికితిన్ అనే వర్తకుడు బీదరు వచ్చాడు. ఓల్గా నది మీద బయల్దేరి, దారిదోపిడీలో సరుకు పోగొట్టుకుని, పర్షియా దాటి, హోర్ముజ్ నుంచి ఒక గుర్రంతో సముద్రం మీద చౌల్ రేవుకు చేరాడు. జున్నార్‌లో ఆ గుర్రాన్ని అధికారి గుంజుకుంటే, ఖొరాసాన్ మనిషి ఒకడు అడ్డుపడి ఇప్పించాడు. దాన్ని తెచ్చి ఇక్కడ అమ్ముకున్నాడు. సుల్తాను ఊరేగింపులు, మలిక్-ఉత్-తుజ్జార్ బిరుదున్న మహమూద్ గవాన్ వైభవం, చెప్పుల్లేకుండా నడిచే సామాన్య జనం, అన్నీ రాసిపెట్టాడు. దాంట్లోనే బాధపడ్డాడు కూడా, ఇక్కడ తన దేశానికి పనికొచ్చే సరుకు బోలెడుందని వర్తకులు అబద్ధం చెప్పారని. ఏదో అమ్ముకునేవాడు చెప్పిన మాట నమ్మి వచ్చాడు పాపం. ఓడ టికెట్లు అమ్మే ఏజెంటును అడిగితే ఎండ ఉన్న రోజు ఫోటోలే చూపిస్తాడు. మనవాళ్ళలో అరవై దాటి వెళ్ళొచ్చినవాళ్ళను, ముఖ్యంగా ఆడవాళ్ళను, ఫోను చేసి అడగండి. రోజంతా ఏం చేశారు, ఏ పూట విసుగొచ్చింది, మోకాళ్ళు ఎలా ఉన్నాయి అని అడగండి.

ఇంకో ప్రశ్న పిల్లల పిల్లలు అడుగుతారు. కరిగిపోతున్న మంచు చూడడానికి నూనె కాల్చే ఓడలో పోవడం న్యాయమా అని. తప్పించుకోదగ్గ ప్రశ్న కాదు. జూనో పక్కన మెండెన్‌హాల్ అనే హిమానీనదం ఉంది, 1962లో దాని ఎదుట కట్టిన సందర్శకుల భవనం నుంచి ఇప్పుడు అది ఎంతో దూరం జరిగిపోయింది. దానిపైనున్న లోయలో చేరిన కరుగు నీరు తెగి 2023, 2024, 2025 మూడు ఆగస్టుల్లోనూ జూనోకు వరద తెచ్చింది. ఏటా పదహారు లక్షలకు పైగా జనం ఓడల మీద వచ్చే ఆ తీరంలో, ముప్పై రెండు వేల జనాభా ఉన్న ఆ ఊరు రోజుకు అయిదు పెద్ద ఓడలే అని 2024 నుంచి హద్దు పెట్టుకుంది. శనివారం ఓడలే వద్దన్న ప్రతిపాదన మీద అదే ఏడు ఓటు పెడితే, ఉపాధి పోతుందని జనమే తిరస్కరించారు. రేవులో ఆగిన క్రూజ్ ఓడ ఇంజను ఆపి ఒడ్డునుంచి కరెంటు తీసుకునే ఏర్పాటు లోకంలో మొదట వచ్చిందీ 2001లో అక్కడే.

నా నిర్ణయం ఇలా ఉంది. ఈ ఓడ ఒక్కదాని కోసం బీదరు నుంచి రెండు విమానాలు మారి అంత దూరం పోవద్దు. మంచు చూడాలన్న కోరిక బలంగా ఉంటే మన హిమాలయాల్లో గంగోత్రి దాకా రోడ్డుంది. కానీ బిడ్డను చూడడానికి ఎలాగూ సియాటిల్ పోతున్నారు, ఎలాగూ నాలుగు నెలలు ఆ ఇంట్లో ఉంటారు, కాళ్ళు కదులుతున్నాయి, వారం రోజులు దీనికి కేటాయించగలరు అంటే వెళ్ళండి. ఆ మంచు రోజున పొద్దుటినుంచి సాయంత్రం దాకా బయటే ఉండండి.

చివరగా ఒంటరిగా ఉన్న తల్లుల గురించి ఒక మాట చెప్పాలి. భర్త పోయినావిడ, "ఒక్కదాన్ని నేనేం జేస్త, మీరిద్దరు పిల్లలు పోయిరాండ్రి, నేను ఇల్లు జూసుకుంట" అంటుంది. పరాయి దేశంలో ఆ ఖాళీ ఇంట్లో వారం రోజులు ఆమెను వదిలి వెళ్ళకండి. ఓడలో గదుల ధర ఇద్దరి లెక్కన వేస్తారు, ఒక్క మనిషికి విడిగా గది తీసుకుంటే దాదాపు రెండు టికెట్ల డబ్బు అవుతుంది, ఆ మాట వినగానే ఆవిడ ఇంకా వెనక్కి పోతుంది. చాలా గదుల్లో మూడో మనిషికి, నాలుగో మనిషికి పడక ఉంటుంది, వాళ్ళ టికెట్టు తక్కువ. లేదంటే రెండు చిన్న గదులు పక్కపక్కన తీసుకుని ఒకదాంట్లో ఆమెనూ మనవరాలినీ ఉంచండి. పైనుంచి దిగే మంచం మనవరాలికి, కింది మంచం అవ్వకు. అమ్మలారా, కొడుకు అడగకపోతే మీరే అడగండి, ఆ గది సంగతి. కెనడా వీసా ఫారం కూడా మీ పేరు మీద ఈ నెలలోనే నింపమనండి.